చేపకు కొలత ఎప్పుడు?



చేపల ధర గురించి, రుచి గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. చేప పొడవు గురించి మాట్లాడుకునేది తక్కువ. ఈనాటి ప్రసంగం ఆ పొడవు గురించే. ఎంత పొడవు చేపను పట్టవచ్చు, ఎంత చేపను వదిలిపెట్టాలి అన్న నియమాలు ఎట్లా పుట్టాయి, ఆ కొలతను చేప బతికి ఉండగా తీయాలా చచ్చిన తర్వాత తీయాలా అన్న చిక్కు ఏమిటి, ఈ రెండు సంగతులూ మీతో పంచుకుంటాను.

నాకు ఈ విషయం మీద ఆసక్తి కలిగించింది పుస్తకం కాదు, నా తరగతిలోని ఒక పిల్లవాడు. మాది బీదర్ జిల్లా చిట్గుప్ప. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, పక్క వీధిలో మరాఠీ వినిపించే ఊరు. ఒకే ప్రాణిని మేము చేప అంటాం, మీను అంటాం, మచ్లీ అంటాం, మాసా అంటాం. పేరు ఏదైనా తూకం ఒకటే, కొలత ఒకటే అని నేను అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఎనిమిదో తరగతిలో కొలతల పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు లేచి, "సార్, చేప సచ్చినంక పొట్టిగైతదా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. దాచడం ఎందుకు, నేనూ నవ్వాను. పిల్లవాడు మాత్రం నవ్వలేదు. అతని తండ్రి చెరువులో వల వేసి బతికే మనిషి. చేపలు కొనే గుత్తేదారు మనిషి ఒక కర్ర మీద గీత పెట్టుకొని వస్తాడట. ఆ గీతకు అందని చేపకు సగం ధరే కడతాడట. పొద్దున గట్టు మీద గీతకు సరిపోయిన చేప, సాయంత్రం మంచు పెట్టెలోంచి తీసేసరికి గీతకు తక్కువ వస్తోందని తండ్రి గొడవ. కర్ర జరిపావని ఆయన, చేప మార్చావని ఈయన. ఇద్దరి మధ్యా మాట పోయింది, డబ్బూ పోయింది.

ఆ ఆదివారం నేను ఒక చెక్కపలక, ఒక ఉక్కు స్కేలు తీసుకొని నలుగురు పిల్లలతో చెరువు గట్టుకు వెళ్లాను. అప్పుడే వలలోంచి తీసిన అయిదు చేపలను పలక మీద పెట్టి, మూతి నుంచి తోక చివర దాకా కొలిచి, ఒక్కొక్కదానికి దారం కట్టి గుర్తు పెట్టాం. మంచులో ఉంచి సాయంత్రం మళ్లీ కొలిచాం. అయిదింటిలో ఒక్కటి కూడా పొద్దుటి పొడవు చూపలేదు. తేడా కొన్ని మిల్లీమీటర్లే. కాని పొద్దున 25 సెంటీమీటర్ల గీతను కొద్దిగా దాటిన చేప, సాయంత్రానికి గీతకు ఇవతల ఉండిపోయింది. సోమవారం తరగతిలో ఆ పిల్లవాడి ముందు నేను నా నవ్వును వెనక్కి తీసుకున్నాను.

మరి చేప ఎందుకు పొట్టి అవుతుంది? మనిషి ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెబారడం మీకు తెలుసు. చేపకూ అంతే. ప్రాణం ఉన్నంతసేపు కండరాలు బిగుసుకుంటాయి, మళ్లీ వదులవుతాయి. ఆ వదులు కావడానికి కూడా శక్తి కావాలి. ప్రాణం పోయాక కండలో నిల్వ ఉన్న శక్తి పదార్థం అయిపోతుంది. అప్పుడు కండపోగులు ఒకదాన్నొకటి పట్టుకొని ఇక వదలవు. చేప బిగుసుకొని, కొంచెం వంగి, కొంచెం కురచవుతుంది. కొన్ని గంటలకో, మంచులో ఉంటే ఇంకా ఆలస్యంగానో, అది మళ్లీ మెత్తబడుతుంది. మెత్తబడినా మొదటి పొడవు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈలోగా గాలికి తోక అంచులు ఎండుతాయి, విరుగుతాయి. గడ్డకట్టించి నిల్వచేస్తే మరి కాస్త తగ్గుతుంది. ఉప్పు పట్టించి ఎండబెడితే నీరంతా పోయి ఇంకా తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది అంటే, మంచులో పెట్టిన చేపకు సాధారణంగా నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు అని చెప్పుకోవచ్చు. జాతిని బట్టి, పరిమాణాన్ని బట్టి, నిల్వ ఉంచిన తీరును బట్టి ఇది మారుతుంది. పెద్ద చేప కంటే చిన్న చేపలో ఈ పాలు ఎక్కువగా కనిపిస్తుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలను మందు నీటిలో భద్రపరిస్తే నూటికి పది పాళ్లు కూడా తగ్గవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు తమ పట్టికలో పొడవుతో పాటు, తాజాగా కొలిచారా, భద్రపరిచాక కొలిచారా అన్నది కూడా రాసుకుంటారు. పాతిక సెంటీమీటర్ల చేపకు నూటికి రెండు పాళ్లు అంటే అర సెంటీమీటరు. కూర వండే ఇల్లాలికి అది లెక్కలోకి రాదు. గీత దగ్గర నిలబడ్డ జాలరికి మాత్రం అదే సగం కూలి.

ఇక ఈ గీతల కథ ఎక్కడ మొదలైందో చూద్దాం.

మన దేశంలో చేపలను కాపాడాలని రాయించిన పాత ఆజ్ఞల్లో ముందుగా చెప్పుకోవలసింది అశోకుడిది. పట్టాభిషేకం జరిగిన 26 ఏళ్లకు, అంటే క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, ఆయన చెక్కించిన అయిదో స్తంభ శాసనంలో చంపరాని ప్రాణుల జాబితా ఉంది. అందులో కొన్ని చేపలున్నాయి. అంతేకాదు, చాతుర్మాస్య పున్నమలకూ, తిష్య పున్నమికీ, ఉపవాస దినాలకూ చేపను చంపరాదు, అమ్మరాదు అని ఉంది. గమనించండి, ఆ ఆజ్ఞలో కొలత లేదు, రోజు ఉంది. ఇంత పొడవు చేపను వదులు అనలేదు, ఈ రోజుల్లో వదులు అన్నాడు.

ఆ తర్వాత మనం గర్వంగా చెప్పుకోదగిన పేరు మన జిల్లాలోనే ఉంది. బసవకల్యాణం ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల రాజధాని. అక్కడ పాలించిన మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రచించాడు. రాజ్యం నడపడం నుంచి వంట దాకా అందులో లేని విషయం అరుదు. అందులో మత్స్యవినోదం అని ఒక అధ్యాయం ఉంది. చేపలను అవి ఉండే నీటిని బట్టి, పొలుసు ఉన్నదీ లేనిదీ బట్టి, పరిమాణాన్ని బట్టి విడదీసి, ఏ చేపకు ఏ ఎర వేయాలో, వాటిని మేత పెట్టి ఎట్లా మచ్చిక చేయాలో చెప్పాడు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు డైరెక్టరుగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా, 1950 ప్రాంతంలో అశోకుడి శాసనాన్నీ ఈ మత్స్యవినోదాన్నీ పరిశీలించి వ్యాసాలు రాశారు. సోమేశ్వరుడిది రాజుగారి వినోదం. అది జాలరికి పెట్టిన చట్టం కాదు. అయినా చేపను జాతి జాతిగా, చిన్నా పెద్దా విడదీసి చూసే కన్ను తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఈ నేల మీద ఉందని మనం మరిచిపోకూడదు.

కొలతతో రాసిన చట్టాలు ఐరోపాలో కనిపిస్తాయి. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన తొలి ఏడాది, 1558-59లో, చేపపిల్లలను కాపాడటానికి ఒక చట్టం చేశారు. సాల్మన్ చేప 16 అంగుళాలు, బార్బెల్ 12, పైక్ 10, ట్రౌట్ 8 అంగుళాలు ఉంటేనే పట్టాలి. వల కన్ను రెండున్నర అంగుళాలు ఉండాలి. ఇంతవరకు బాగుంది. కాని చేపను ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలవాలి? మూతి నుంచా, కంటి నుంచా? తోక చివర దాకానా, తోక మధ్య చీలిక దాకానా? ఈ ప్రశ్న రాకుండా ఉంటుందా? ఒకటో జార్జి కాలంలో, 1714 నాటి చట్టంలో, సముద్రపు చేపల పొడవులు చెబుతూ, కంటి దగ్గర నుంచి తోక చిట్టచివర దాకా అని స్పష్టంగా రాశారు. కొలత ఎంతో చెబితే చాలదు, కొలిచే తీరు కూడా చెప్పాలన్న తెలివి అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు మన వైపు వద్దాం. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆనకట్టల వల్ల నదుల్లోకి ఎదురెక్కే చేపలకు దారి మూసుకుపోతోందని 1867లో ప్రభుత్వం దృష్టికి తెచ్చినవాడు కూడా ఆయనే. వరద నీటికి ఎదురీదే పులస సంగతి కోస్తావారికి తెలిసిందే. తాను కట్టిన గోడ వల్ల కలిగిన నష్టాన్ని తానే ఎత్తి చూపడం చిన్న విషయం కాదు.

ఆ విచారణ బాధ్యత మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ డే మీద పడింది. దేశమంతా తిరిగి, తహసీల్దార్లను అడిగి, 1873లో మంచినీటి చేపల మీద నివేదిక ఇచ్చాడు. వల కన్ను ఎంత చిన్నదని అడిగితే, గోధుమగింజ అంత అని ఒకచోట, శనగగింజ అంత అని ఒకచోట జవాబులు వచ్చాయి. ఆలోచించండి. గోధుమగింజ దూరేంత కన్ను ఉన్న వలలో చిక్కని చేపపిల్ల ఏముంటుంది?

ఎన్నో వాదాల తర్వాత 1897లో ఇండియన్ ఫిషరీస్ చట్టం వచ్చింది. పేలుడు మందుతో, విషంతో చేపలను చంపడాన్ని అది నేరం చేసింది. వలల పరిమాణం, వల వేసే పద్ధతి, అడ్డుకట్టలు, వీటి మీద నియమాలు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఒక జలాశయంలో రెండేళ్లకు మించకుండా చేపల వేటను పూర్తిగా ఆపే అధికారం కూడా ఇచ్చింది. ఇక్కడ మళ్లీ గమనించండి. ఆ చట్టం పట్టుకున్నది వల కన్నును, చేప పొడవును కాదు. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

ఆ చట్టం బ్రిటిషు ఇండియాకే. మనం నిజాం సంస్థానంలో ఉన్నాం కనుక అది మనకు వర్తించలేదు. 1956 తర్వాత కూడా పాత హైదరాబాద్ రాష్ట్రం వంటి 'బి' తరగతి రాష్ట్రాల ప్రాంతాలను అది మినహాయించింది. సంస్థానంలో వేరే పని జరిగింది. 1940లలో రహీముల్లా, మహమూద్ అనే పరిశోధకులు హైదరాబాద్ నగరం, మెదక్, నిజామాబాద్ ప్రాంతాల చేపలను సర్వే చేసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. 1357 ఫసలీలో, అంటే 1947-48లో, సంస్థానానికి సొంతంగా ఫిషరీస్ చట్టం వచ్చింది. తెలంగాణ ప్రాంతంలో ఆ ఫసలీ సంవత్సరం పేరుతోనే అది తర్వాత కూడా చెల్లింది. 1956 నవంబరు 1న బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. కర్ణాటకలో లోతట్టు జలాల చేపల పరిరక్షణకు 1996 నాటి చట్టం ఉంది.

సరిహద్దు మనుషులకే గాని చేపలకు కాదు గదా. మన కారంజా వాగునే చూడండి. పుట్టింది తెలంగాణలోని కోహీరు దగ్గర. గట్టు దాటి మన జిల్లాలోకి వచ్చి, భాల్కి వైపు కట్టిన జలాశయంలో నిలిచి, ఆపైన మంజీరలో కలుస్తుంది. ఆ మంజీర మళ్లీ తెలుగు నేల మీదికి వెళ్లి, సింగూరు, నిజాంసాగరు దాటి గోదావరిలో పడుతుంది. నీరు తెలుగు నేల మీద పుట్టి, కన్నడ నేల తిరిగి, మళ్లీ తెలుగు నేలకే చేరుతుంది. నీటికి రెండు రాష్ట్రాలు, రెండు చట్టాలు. మధ్యలో మూడు ఆనకట్టలు.

ఆనకట్ట కట్టిన నీటిలో బొచ్చె, రవ్వ వంటి చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే నీరు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి గ్రంథి రసం ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించాకే, మన చెరువులకు పిల్లలను పెంచి తెచ్చి వదలడం సులువైంది. అంటే ఇప్పుడు జలాశయంలో ఉన్న పిల్ల వానతో ఊరికే వచ్చిన పిల్ల కాదు. చాలావరకు ఎవరో డబ్బు పెట్టి వదిలిన పిల్ల. రెండో ఏడు దాటితే గాని అది గుడ్లకు రాదు. పావు కిలో కాకముందే దాన్ని పట్టడం, నారుమడిని కోసి పశువుకు వేయడం వంటిది. కనుక చిన్న చేపను వదలాలన్న నియమం న్యాయమైనదే. అందులో నాకు సందేహం లేదు.

ఇటీవలి కాలంలో ఈ నియమాలు సముద్రం మీద గట్టిపడ్డాయి. 2015లో కేరళ 14 రకాల చేపలకు కనీస పొడవులు ప్రకటించింది. నూనె కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంత 14 సెంటీమీటర్లు ఉండాలి. ఆ తర్వాత జాబితా 58 రకాలకు పెరిగింది. పశ్చిమ బెంగాల్‌లో 23 సెంటీమీటర్లకు తక్కువ హిల్సాను పట్టరాదు, అమ్మరాదు. ఈ లెక్కలు ఊహించి పెట్టినవి కావు. ఆ జాతి చేప ఎంత పెరిగితే ఒక్కసారైనా గుడ్లు పెడుతుందో చూసి పెట్టినవి.

ఇప్పుడు మళ్లీ మన గట్టు మీదికి వద్దాం. మా పిల్లలు ఆ ఆదివారం ఇంకో సంగతి కూడా కనిపెట్టారు. ఒకే చేపను ఇద్దరు పిల్లలు కొలిస్తే ఇద్దరికీ రెండు లెక్కలు వచ్చాయి. ఒకడు తోకను విప్పి పెట్టాడు, ఒకడు తోక రెండు కొసలనూ దగ్గరికి నొక్కి పెట్టాడు. నొక్కినప్పుడు చేప పొడవు పెరిగింది. ఒకడు మూతి మూసి కొలిచాడు, ఒకడు తెరిచి కొలిచాడు. చావు తెచ్చిన తేడా కంటే చెయ్యి తెచ్చిన తేడా ఎక్కువగా ఉంది. అందుకే శాస్త్రంలో మూడు పొడవులు వేరుగా చెబుతారు. మూతి నుంచి తోక చివర దాకా మొత్తం పొడవు. మూతి నుంచి తోక చీలిక దాకా ఒకటి. మూతి నుంచి తోక మొదలు దాకా ఇంకొకటి. ఏ పొడవో చెప్పకుండా 25 సెంటీమీటర్లు అంటే, శేరా కిలోనా చెప్పకుండా రెండు అన్నట్టే.

ఇంతకు ముందు ఆగి చెబుతానన్న మాట ఇప్పుడు చెబుతాను. చేప పొడవు మీద పెట్టిన నియమం ఎప్పుడు అమలవుతుంది? చేప చచ్చాక. బజారులో గీతకు తక్కువని తేలిన చేపను తిరిగి నీళ్లలో వేస్తే బతుకుతుందా? జరిమానా వేస్తే ఖజానాకు చేరుతుందేమో గాని, ఆ చేప గుడ్లు పెట్టదు. వల కన్ను మీద పెట్టిన నియమం అలా కాదు. అది నీటిలోనే పనిచేస్తుంది. పిల్లచేప ప్రాణంతోనే కన్నులోంచి జారిపోతుంది. ఋతువు మీద పెట్టిన నియమం కూడా అంతే. మృగశిర కార్తె రోజు చేప తినడం మన అలవాటు. ఆ అలవాటును నేను తప్పుపట్టను. కాని తొలకరి వరదకు గుడ్లతో ఎదురెక్కే చేపను వాగుకు అడ్డంగా మావులు పెట్టి ఒక్కటి వదలకుండా పట్టడం మాత్రం మన గిన్నెకు మనమే చిల్లు పెట్టుకోవడం. అశోకుడు రోజులు లెక్కపెట్టాడు, 1897 చట్టం వల కన్ను చూసింది. రెండూ చేప బతికి ఉండగా కాపాడే దారులు. కొలకర్ర ఈ రెండింటికీ తోడుగా ఉండాలే గాని, వాటి స్థానంలోకి రాకూడదు.

కొలకర్ర పెట్టేవారికి కూడా మూడు మాటలు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలుస్తారో, తోకను విప్పి కొలుస్తారో నొక్కి కొలుస్తారో ముందే చెప్పండి. తాజా చేపకు పెట్టిన గీతను మంచు చేపకు పెట్టేటప్పుడు, కురచైన ఆ అర సెంటీమీటరును వదిలిపెట్టండి. వీలైతే కొలత గట్టు మీదే, మంచులో వేయకముందే, ఇద్దరి కళ్ల ముందే జరగనివ్వండి. ఇది చిన్న చేపను దొంగతనంగా అమ్మేవాడికి ఇచ్చే మినహాయింపు కాదు. నిజంగా గీత దాటిన చేపను పట్టినవాడిని అబద్ధీకుణ్ణి చేయకుండా ఉండటానికి.

మా పిల్లవాడు ఆ అయిదు చేపల లెక్కను నోటుపుస్తకంలో రెండు వరసల్లో, పొద్దుటిది ఒకటి, సాయంత్రానిది ఒకటి రాసుకున్నాడు. ఆ పుటను తండ్రి చింపి తీసుకెళ్లి గుత్తేదారు మనిషికి చూపించాడట. ఆ మనిషి మొదట నమ్మలేదు. తన చేత్తోనే ఒక చేపను పొద్దున, సాయంత్రం కొలిచి చూశాక, గట్టు మీద కొలవడానికి ఒప్పుకున్నాడు. ధర పెంచలేదు. కర్ర మీద గీత కూడా జరపలేదు. కొలిచే సమయం ఒక్కటి మార్చాడు. ఆ ఇంటికి అది చాలింది.

మీ ఊరి చెరువు గట్టు మీద కూడా ఇట్లాంటి గొడవ వినిపిస్తే, నవ్వకండి. ఒక స్కేలు తీసుకొని వెళ్లండి.